ప్రత్యాహారం పేరు చెప్పి

ప్రత్యాహారం అనే పెద్ద పేరు చెప్పి నేను మా అమ్మను చూడ్డానికి వెళ్ళడం తగ్గించేశాను. విజయవాడలో మా వీధి చివరి కమ్యూనిటీ హాల్లో పొద్దున్నే యోగా క్లాసులు చెబుతాను. అమ్మ తెనాల్లో ఉంటుంది. రైలెక్కితే గంట కూడా పట్టని ఊరు. దూరాన్ని సాకుగా చూపడానికి వీల్లేదు కాబట్టి పతంజలిని అడ్డం పెట్టుకున్నాను. అష్టాంగ యోగంలో ఐదో అంగం ప్రత్యాహారం. ఇంద్రియాలు విషయాల వెంట పరుగెత్తకుండా వెనక్కి మళ్ళించుకోవడం. అమ్మ దగ్గరికి వెళ్ళొస్తే రెండు మూడు రోజులు ధ్యానం కుదిరేది కాదు. మనసు చెదిరే చోటికి వెళ్ళకపోవడం కూడా సాధనే కదా అని సర్దిచెప్పుకున్నాను. అంతటితో ఊరుకోక, ఇంట్లో గొడవల గురించి నాతో చెప్పుకున్న ఒకరిద్దరికి ఇదే సలహా ఇచ్చాను కూడా.

నాన్న సంగతి చెబితే తప్ప ఇది అర్థం కాదు. ఒక రాత్రి నాన్న ఫోన్ చేసి, పొట్ట పైభాగంలో పట్టేసినట్టుగా ఉందమ్మా అన్నాడు. "గ్యాస్ అయ్యుంటుంది నాన్నా. తినగానే పడుకోకు. కాసేపు వజ్రాసనంలో కూర్చో" అన్నాను. భోజనం చేశాక వేయదగ్గ ఆసనం అదేనని ఏ యోగా టీచరైనా చెప్పేదే. నేనూ అలవాటుగా అనేశాను. నాన్నకు షుగరుందని నాకు తెలుసు. షుగరున్నవాళ్ళకు గుండెపోటు ఒక్కోసారి ఛాతీలో నొప్పిగా కాకుండా అజీర్తిలాగో ఆయాసంలాగో వస్తుందని కూడా ఎక్కడో చదివాను. ఆ రెండూ ఆ నిమిషంలో నా బుర్రలో కలవలేదు. తెల్లవారుజామున తమ్ముడు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నాన్న మళ్ళీ ఇంటికి రాలేదు.

పెద్దకర్మ నాడు బంధువులంతా నన్ను మెచ్చుకున్నారు. "చూడండి, ఆ పిల్ల ఎంత నిబ్బరంగా ఉందో. అంతా యోగా మహిమ" అని మేనత్త నలుగురికీ వినబడేలా అంది. నేను ఏడవలేదు. ఏడుపు పైకి తన్నుకొచ్చినప్పుడల్లా వదిలే ఊపిరిని పొడుగు చేసి దాన్ని కిందికి నెట్టేసేదాన్ని. అది నాకు బాగా వచ్చిన విద్య. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మనవాళ్ళు మూడింటిని చెప్పి నవ్వుకుంటారు. మూడూ రెండ్రోజుల్లో ఎగిరిపోయేవే. నాది వాటిల్లో చేరదు. చూసేవాళ్ళు మెచ్చుకుంటున్నకొద్దీ ముదిరిపోయే రకం.

అమ్మ మాత్రం మెచ్చుకోలేదు. ఎప్పుడు వెళ్ళినా వసారాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనో, బియ్యం ఏరుతూనో ఉండేది. నేను పక్కన కూర్చున్న కాసేపటికి చెయ్యి ఆపి, "ముందు రోజు రాత్రే తీసుకెళ్ళుంటే మీ నాన్న బతికేవారంటావా?" అని అడిగేది. నేనేమీ చెప్పేదాన్ని కాదు. మళ్ళీ కాయ తీసుకునేది. కాఫీ తాగేలోపు ఇంకోసారి. నాకు మటుకు అది ప్రశ్నలా వినబడేది కాదు, నా మీద మోపిన నేరంలా వినబడేది. ఆ రాత్రి ఫోన్లో నేనేమన్నానో ఆవిడకు తెలుసా తెలియదా అని లోపల ఒకటే లెక్కలు. రైల్లో తిరిగొస్తూ నాడీశోధన చేసేదాన్ని. రాన్రానూ క్లాసులున్నాయనీ, వర్క్‌షాప్ ఉందనీ చెప్పి వెళ్ళడం తగ్గించాను. ఫోన్ చేస్తే ఆ ప్రశ్న వస్తుందేమోనని ఫోన్లు కూడా పొట్టివయ్యాయి.

మనసులో పూడ్చిపెట్టింది ఒళ్ళు చూపిస్తుందంటారు. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో స్కూటీ ఆపి ఉండగా గుండె దడదడా కొట్టుకుంది, చేతులు చల్లబడ్డాయి, ఊపిరాడదేమో అనిపించింది. నాన్నకొచ్చిందే నాకూ వచ్చిందనుకున్నాను. ఈసీజీ మామూలుగా ఉంది. ఇంకోసారి వచ్చినప్పుడూ అంతే. ఇది పానిక్ అయ్యుండొచ్చు, ఒకసారి కౌన్సెలర్‌ని కలవమ్మా అన్నారు డాక్టరుగారు. ఊరందరికీ ప్రశాంతత నేర్పే మనిషి కౌన్సెలింగ్‌కు వెళ్ళడమేమిటని చాలా రోజులు నానబెట్టాను. చివరికి మా ఏరియాలో ఎవరూ చూడకుండా ఊరికి ఆ చివరున్న ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. నాకంటే చిన్నది. అది కూడా నచ్చలేదు.

నా దినచర్య అంతా ఏకరువు పెట్టాను. నాలుగున్నరకు లేవడం, భస్త్రిక, నాడీశోధన, భ్రామరి, ఆపైన ధ్యానం. ఆవిడ శ్రద్ధగా విని, "ఇవన్నీ దేనికోసం చేస్తారండీ?" అంది.

"ప్రశాంతత కోసం."

"ప్రశాంతత దేనికోసం?"

ఇదేం ప్రశ్న అనిపించింది. శాంతికి మళ్ళీ ప్రయోజనం చెప్పాలా? అదే కదా గమ్యం. విసుగ్గా ఏదో అన్నాను. ఆవిడ వదల్లేదు. "సరే, ఇవాళ్టి నుంచి మీకు కావలసినంత ప్రశాంతత ఉచితంగా ఇచ్చేశాననుకోండి. రేపు పొద్దున్నించి మీరు చేసే పనుల్లో ఏం మారుతుంది?" అంది. నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు, "తెనాలి వెళ్తాను" అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది. ఊపిరి పొడుగు చేయబోతే, "దాన్ని కాసేపు అలా ఉండనివ్వండి" అంది.

ఆవిడ చేసే చికిత్స పేరు యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ. పొడి అక్షరాల్లో కాకుండా కలిపి 'యాక్ట్' అంటారు. దీన్ని రూపొందించినవాళ్ళలో ముఖ్యుడు స్టీవెన్ హేస్ అనే అమెరికన్ సైకాలజిస్టు. కర్క్ స్ట్రోసాల్, కెల్లీ విల్సన్‌లతో కలిసి రాసిన మొదటి పెద్ద పుస్తకం 1999లో వచ్చింది. నాకు ఆ పుస్తకం కంటే ఆయన కథ బాగా పట్టుకుంది. 1978లో, సైకాలజీ అధ్యాపకుడిగా కొత్తగా చేరిన రోజుల్లో, డిపార్ట్‌మెంట్ మీటింగులో పెద్ద ప్రొఫెసర్లు కీచులాడుకుంటుంటే చూస్తూ కూర్చున్న మనిషికి మొదటి పానిక్ అటాక్ వచ్చింది. మాట్లాడదామని నోరు తెరిస్తే మాట రాలేదట. ఆ తర్వాత భయం రాకుండా ఉండడానికి తనకు తెలిసినవన్నీ చేశాడు, చేసినకొద్దీ భయం పెరిగింది. మనసు గురించి పాఠాలు చెప్పేవాడికే ఈ గతి పట్టిందని విన్నాక నాకు కొంత సిగ్గు తగ్గింది.

ఆయన తేల్చుకున్నది సులువుగా చెప్పొచ్చు. బాధ వేరు, బాధ తప్పించుకోవడానికి మనం పడే పాట్లు వేరు. జీవితాన్ని ఎక్కువగా కుదించేది రెండోదే. మందు మింగేటప్పుడు కోతిని తలుచుకోవద్దన్న వైద్యుడి కథ మనకు తెలుసు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు అచ్చంగా ఆ కథనే ప్రయోగంగా చేశాడు, కోతి బదులు తెల్ల ఎలుగుబంటి. తలుచుకోవద్దన్నవాళ్ళకు అదే పనిగా గుర్తొచ్చింది. యాక్ట్ అందుకే ఆలోచనను తరమమని చెప్పదు. వచ్చిన అనుభూతికి చోటివ్వడం, ఆలోచనను ఆలోచనగా చూడడం, ఇప్పుడున్న చోట ఉండడం, వచ్చిపోయేవాటిని చూస్తున్న 'నేను'ను గుర్తించడం, నాకు ముఖ్యమైనదేదో తేల్చుకోవడం, దానివైపు అడుగు వేయడం. ఈ ఆరూ కలిసి నడవాలంటుంది. మొదటి నాలుగూ నాకు కొట్టిన పిండి అనుకున్నాను. చివరి రెండింటి గురించి నా క్లాసులో ఒక్క మాట కూడా ఉండేది కాదు.

కొట్టిన పిండి అనుకున్న నాలుగూ ఎంత తలకిందులుగా పట్టుకున్నానో తర్వాత తెలిసొచ్చింది. సాక్షీభావం అంటే నాకు, బాధ తగలనంత దూరంగా జరిగి కూర్చోవడం. నిజానికి సాక్షి అన్నవాడు చూడాలి కదా. నేను చూసేదాన్ని కాదు, మొహం తిప్పుకునేదాన్ని. ఇలా ఆధ్యాత్మిక సాధనను అడ్డుపెట్టుకుని మానని గాయాల నుంచి తప్పుకోవడానికి జాన్ వెల్‌వుడ్ అనే సైకోథెరపిస్టు 1980ల్లోనే స్పిరిచువల్ బైపాసింగ్ అని పేరు పెట్టాడు. అంటే ఈ రోగం నా ఒక్కదానికే వచ్చింది కాదన్నమాట. సంతోషించాల్సిన విషయమో కాదో!

ప్రతిపక్ష భావన సంగతి ఇంకా నవ్వులాట. చెడు ఆలోచన వస్తే దానికి ఎదురు ఆలోచన తెచ్చుకోమని పతంజలి చెప్పాడని నేను క్లాసులో ఊదరగొట్టేదాన్ని. 'నేను చెడ్డ కూతుర్ని' అనిపిస్తే 'నేను మంచి కూతుర్ని' అనుకోవాలి. అలా అనుకోగానే లోపలి నుంచి ఇంకో గొంతు, "మంచి కూతురైతే వజ్రాసనం వేయమంటుందా?" అనేది. అక్కణ్ణుంచి వాయిదాల మీద వాయిదాలు, తీర్పు మాత్రం రాదు. కౌన్సెలర్ ఒక పని చేయించింది. 'చెడ్డ కూతురు' అన్న రెండు మాటల్నీ గట్టిగా, ఆపకుండా, వేగంగా అంటూ పొమ్మంది. చెడ్డకూతురు చెడ్డకూతురు చెడ్డకూతురు... కాసేపటికి 'డ్డకూతురుచె' అని వినబడసాగింది. ఇంకాసేపటికి ఏదో కూరగాయ పేరులా ఉంది. ఇద్దరం నవ్వాం. ఒకే మాటను పదేపదే అంటే అర్థం జారిపోతుందని టిచెనర్ అనే పాత తరం సైకాలజిస్టు గమనించాడట. అది వందేళ్ళ పైబడిన సంగతి. బాధ పోలేదు. కానీ ఆ మాట తీర్పులా కాకుండా చప్పుడులా వినబడిన ఆ కాసేపు నాకు చాలా పనికొచ్చింది.

ఇంటికొచ్చి యోగసూత్రాలు మళ్ళీ తీశాను. ప్రతిపక్ష భావన ఎక్కడ వస్తుంది? సాధన పాదంలో, యమ నియమాలు చెప్పిన వెంటనే. అహింస, సత్యం లాంటి వ్రతాలకు అడ్డొచ్చే తలంపులు, అంటే కొట్టాలనీ, అబద్ధమాడాలనీ అనిపించడం, అలాంటివి వచ్చినప్పుడు వాటి ఫలం ఎక్కడికి పోతుందో ఆలోచించమంటాడు. చేసినా, చేయించినా, పక్కనుండి సరేనన్నా ఒకటేనంటాడు. అక్కడ ఆయన మాట్లాడుతున్నది నడత గురించి. దాన్ని తీసుకొచ్చి నేను అద్దం ముందు నన్ను నేను పొగుడుకునే చిట్కాగా మార్చాను. ఇంకొకటి కూడా అప్పుడే కళ్ళబడింది. దాదాపు రెండు వందల సూత్రాల్లో ఆసనం గురించి నేరుగా చెప్పేవి మూడే. అంతకంటే ముందు నిలబెట్టినవి, ఎదుటి మనిషితో ఎలా ఉంటావన్న ఐదు యమాలు. అందులో రెండోది సత్యం. అమ్మ ప్రశ్నకు నోరు మెదపకుండా కూర్చున్న నేను, ఎనిమిది అంగాల్లో మొదటిదాని దగ్గరే ఆగిపోయి, ఐదోదాంట్లో సిద్ధి పొందానని తిరుగుతున్నాను.

కౌన్సెలర్ తర్వాత అడిగిన ప్రశ్న ఇది: "బాధ తగ్గుతుందని గ్యారంటీ లేదు. ఆ లెక్క పక్కన పెట్టండి. అమ్మగారి పక్కన కూర్చున్న ఆ గంటసేపు మీరు ఎలా ఉండాలనుకుంటున్నారు?" కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి మొదట చెప్పేది ఇదే సంగతి. శ్రేయస్సు, ప్రేయస్సు రెండూ మనిషి దగ్గరికి వస్తాయి, ఎంచుకోవాల్సింది మనిషి. చిన్నప్పటి నుంచీ ప్రేయస్సంటే సినిమాలూ మిఠాయిలూ అనుకున్నాను. ధ్యానంలో దొరికే హాయి కూడా ప్రేయస్సు కావచ్చని తట్టలేదు.

తెనాలి వెళ్ళాను. ఊపిరి లెక్కలేమీ పెట్టుకోలేదు. అమ్మ గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. ప్రశ్న వచ్చింది. కడుపులో దేవినట్టయింది. "ఆ రాత్రి నాన్న నాకు ఫోన్ చేశాడమ్మా. గ్యాసని చెప్పి వజ్రాసనం వేయమన్నాను" అన్నాను.

"తెలుసు. నేను పక్కనే ఉన్నాగా" అంది అమ్మ. "ఆయన వేస్తేగా. ఆ మోకాళ్ళతో ఎక్కడ వేస్తారు? దానికేం తెలుసులే అని ఫోను పక్కన పడేశారు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అమ్మ ఇంకా చెబుతోంది. "జీలకర్ర కషాయం కాచిచ్చింది నేను. తాగి తగ్గిందన్నారు. తగ్గిందన్నారు గదా అని పడుకున్నాను. మధ్యలో ఒకసారి లేచి కూర్చుంటే, ఏమండీ అన్నాను. ఏం లేదు పడుకోమన్నారు. నిజంగానే పడుకున్నానే అమ్మాయ్, నిద్ర కూడా పట్టింది నాకు."

ఆవిడ ఇన్నాళ్ళూ అడుగుతున్నది నన్ను కాదు. తన కషాయం గురించి, తనకు పట్టిన నిద్ర గురించి ఎవరైనా వింటారేమోనని అడుగుతోంది. వినగలిగిన మనిషిని నేనే. వినాల్సిన రోజుల్లో నేను ప్రత్యాహారంలో ఉన్నాను.

ఆ తర్వాత అంతా చక్కబడిందని రాయలేను. స్కూటీ మీద దడ ఇప్పటికీ వస్తుంటుంది. తెనాలి నుంచి వచ్చిన రోజు ధ్యానం ఇప్పటికీ కుదరదు. కుదరకపోతే పోనీ అనుకోవడం మాత్రం అలవాటైంది. అమ్మ కూడా ఆ ప్రశ్న మానలేదు. ఇప్పుడు జవాబు చెబుతాను: "ఏమో అమ్మా, బతికేవాడేమో." ఆ జవాబుకు ఇద్దరికీ కళ్ళనీళ్ళొస్తాయి, వచ్చినా పనులు సాగుతాయి.

ఇంతవరకూ చెప్పింది మొదటి తప్పు. దాన్నుంచి బయటపడ్డానన్న ఉత్సాహంలో రెండోది చేశాను. జూన్ 21న యోగా దినోత్సవం సభలో మైకు చేతికిస్తే, పాశ్చాత్యులు ఇవాళ యాక్ట్ పేరుతో అమ్ముతున్నదంతా మన పతంజలి ఎప్పుడో చెప్పేశాడని దంచాను. చప్పట్లు బాగా పడ్డాయి. ఆ వీడియో పంపితే కౌన్సెలర్ చదువుకున్న మనిషి కాబట్టి మెత్తగానే వాయించింది. హేస్ పునాది ప్రవర్తనా శాస్త్రం. భాష మనిషి మనసును ఎలా బిగిస్తుందన్న పరిశోధన మీద కట్టిన కట్టడం అది. 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్‌లో మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ కోర్సులో హఠయోగం పాఠంగానే ఉంది, ఆ ఋణాన్ని ఎవరూ దాచలేదు. యాక్ట్ దారి వేరు. గమ్యాలు కూడా వేరు. పతంజలికి చివరి మాట కైవల్యం. పురుషుడు ప్రకృతి నుంచి విడివడి తన స్వరూపంలో నిలవడం. యాక్ట్‌కు అలాంటి మోక్షం ఊసు లేదు. సోమవారం పొద్దున నువ్వెలా బతుకుతావన్నదే దాని గోల. చూసే 'నేను' అని రెండూ అన్నా, ఒకరికది తత్త్వం, ఇంకొకరికి పనికొచ్చే కోణం. పోలిక చూసి పొంగిపోవడం తేలిక. ఆ తేలికలో రెండింటికీ అన్యాయం చేశాను.

నన్నడిగితే యాక్ట్‌కు యోగసూత్రాల కంటే గీత దగ్గర చుట్టం. మన తెలుగువాళ్ళకు గీత అంటే చావింట్లో పెట్టే ఘంటసాల రికార్డు. మా నాన్న పోయిన రోజునా అదే మోగింది. ఆ గొంతు వినగానే ఎవరు పోయారని అడగడం మనకు అలవాటైపోయి, అది చచ్చినవాడికి కాకుండా పని ముందు నిలబడి ఒణుకుతున్న మనిషికి చెప్పిన మాటని మరిచిపోయాం. మొదటి అధ్యాయంలో అర్జునుడు తన ఒంటి సంగతి చెప్పుకుంటాడు. నోరెండిపోతోంది, ఒళ్ళు ఒణుకుతోంది, చర్మం మండుతోంది, విల్లు చేతిలోంచి జారుతోంది, నిలబడలేకపోతున్నాను. బెంజ్ సర్కిల్ దగ్గర నా పరిస్థితికి అంతకంటే సరైన వర్ణన నాకు దొరకలేదు. అతనికీ తప్పుకుందామనే ఉంది, తప్పుకోవడానికి గొప్ప గొప్ప కారణాలూ ఉన్నాయి, వైరాగ్యంతో సహా. కృష్ణుడు ముందు శాంతించు, తర్వాత చూద్దాం అనడు. నువ్వెవరివి, నీ పనేమిటి అని మొదలుపెడతాడు. ధ్యానం సంగతి ఆరో అధ్యాయం దాకా తీరిగ్గా రాదు. పద్దెనిమిదో అధ్యాయంలో అన్నీ చెప్పి, ఇదంతా బాగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమంటాడు. ఆజ్ఞ వేయగలిగినవాడు ఎంపికను ఇతని చేతిలో పెట్టేశాడు. కౌన్సెలర్ ఇక్కడ కూడా ఒక కొర్రీ వేసింది: స్వధర్మం చాలావరకు పుట్టుకతో వచ్చిపడేది, యాక్ట్‌లో విలువ ఎవరికి వారు ఎంచుకునేది. మా ఇద్దరికీ ఈ వాదన ఇంకా తెగలేదు. అమ్మను చూసుకోవడం నేను ఎంచుకున్నానా, కూతురిగా పుట్టినందుకు నెత్తిన పడిందా అంటే, రెండూ నిజమేనంటాను నేను.

నా తప్పుల్లో ఒకటి ఇంకొకరి మీద పడింది. అది దాచకూడదు. గ్రూప్స్ పరీక్షలకు చదివే ఒక అబ్బాయి క్లాసుకు వచ్చేవాడు. మాక్ టెస్టుల ముందు విపరీతమైన ఆందోళన. ఆందోళన వచ్చిన ప్రతిసారీ అనులోమ విలోమం చెయ్యమన్నాను. మొదట్లో పనిచేసింది. తర్వాత అది చేయనిదే లైబ్రరీకి కూడా వెళ్ళలేని స్థితికొచ్చాడు. ఊపిరి వాడికి తాయెత్తయిపోయింది. అసలు పరీక్ష రోజు హాల్లో ముక్కు పట్టుకుని కూర్చుంటే ఇన్విజిలేటర్ ఏమిటని అడిగాడట. తాయెత్తు తెగింది, వాడు లేచి బయటికొచ్చేశాడు. "మేడమ్, నేను సరిగ్గా చేయలేదేమో" అన్నాడు నాతో. నేను, ఆ రోజుల్లో, ఇంకో పది నిమిషాలు పెంచమన్నాను! వాణ్ణి ఏనాడో సైకియాట్రిస్టు దగ్గరికి పంపాల్సింది. కనీసం టెలిమానస్ నంబరు 14416 చెప్పుండాల్సింది, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ అది. ఇప్పుడా నంబరు మా హాలు తలుపు మీద అంటించి ఉంది. ఆ అబ్బాయికి ఫోన్ చేసి నా సలహా తప్పని చెప్పాను. "పర్లేదు మేడమ్" అన్నాడు. పర్లేదన్నాడు కాబట్టి పర్లేదని నేను అనుకోవడం లేదు.

యాక్ట్ పద్ధతులు కేవలం ఏసీ గదుల్లో ఫీజు కట్టేవాళ్ళకేనని మొదట్లో నాకో చిన్నచూపు ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటి మీద ఆధారపడి, బొమ్మలతో, సామాన్యులకోసం ఒక పుస్తకం 2020లో తెచ్చింది. ఆ పద్ధతిలో నడిచే కోర్సును ఉగాండాలో తలదాచుకున్న దక్షిణ సూడాన్ శరణార్థి మహిళల మధ్య పరీక్షించారు. ఇల్లూ ఊరూ పోగొట్టుకున్న ఆడవాళ్ళను కూర్చోబెట్టి, నీకు ముఖ్యమైనదేమిటి, ఇవాళ దానికోసం చేయగల చిన్న పనేమిటి అని అడిగారన్నమాట. అది చదివాక మా కమ్యూనిటీ హాల్లో అడగడానికి ధైర్యమొచ్చింది.

కెల్లీ విల్సన్ తయారుచేసిన ప్రశ్నావళిలో పది రంగాలుంటాయి. పిల్లల పెంపకం, స్నేహాలు, ఉద్యోగం, చదువు, వినోదం, ఆధ్యాత్మికత, ఊరి మంచిచెడ్డలు, ఆరోగ్యం ఇలా. ఒక్కొక్కటీ నీకెంత ముఖ్యం, గత వారంలో దానికెంత దగ్గరగా బతికావు అని రెండు అంకెలు వేసుకోవాలి. కాగితాలు జిరాక్సు తీసి శనివారం క్లాసులో పంచాను. దాదాపు ఆడవాళ్ళంతా పిల్లల దగ్గర పదికి పది వేసి, మిగతావి ఖాళీగా వదిలేశారు. మగవాళ్ళు అన్నిటికీ ఎనిమిది వేశారు. నా కాగితం ఇంకా అన్యాయం, యమ నియమాలు వరసగా ఎక్కించిన ఆదర్శ యోగా టీచరు ప్రొఫైల్. దాన్ని కౌన్సెలర్‌కి చూపిస్తే, "దీన్ని ఎవరూ ఎప్పటికీ చూడరంటే ఏం రాసేవారు?" అంది. చించి మళ్ళీ రాశాను. అందులో ఏముందో ఇక్కడ రాయను.

క్లాసులో ఒక బామ్మగారున్నారు, నడుం నొప్పికి వస్తారు. ఆవిడ కాగితం పట్టుకుని, "అమ్మాయ్, ఇందులో నాకిష్టమైంది రాయాలా, రాయాల్సింది రాయాలా?" అని అడిగారు. ఇష్టమైందే బామ్మగారూ అన్నాను. మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఈ ప్రశ్నలు నచ్చక కొందరు మానేశారు. మేం వచ్చింది ఒళ్ళు వంచడానికి, ఈ పరీక్ష పేపర్లేమిటని ఒకాయన మొహమ్మీదే అన్నారు. ఆయనది తప్పని అనను. ఇప్పుడు వారమంతా మామూలు క్లాసే, శనివారం చివర్లో కాసేపు మాత్రం ఈ మాటలు, కావలసినవాళ్ళు ఉంటారు.

కొన్ని వారాలకు బామ్మగారు వచ్చి, ఇక నుంచి శనివారాలు రానన్నారు. పెళ్ళికి ముందు వర్ణాల దాకా వచ్చి ఆగిపోయిన సంగీతాన్ని మళ్ళీ మొదలుపెడుతున్నారట. మాస్టారికి శనివారం పొద్దునే కుదురుతుందట. వాళ్ళబ్బాయి ఈ వయసులో ఎందుకంటున్నాడట. "నువ్వే కదా అడిగావు" అన్నారు నాతో, తప్పు నాదేనన్నట్టు. నెల మధ్యలో మానేస్తే ఫీజు తిరిగివ్వడం మా దగ్గర లేదు. ఆవిడకు మాత్రం ఆ నెల శనివారాల డబ్బులు లెక్కగట్టి ఇచ్చాను. వద్దనలేదు, తీసుకున్నారు.